తూటా ఛాంబర్‌లో దిగడం వేరు, ఆ తుపాకీకి సరిపోవడం వేరు

మీరు అడిగినవి మూడు. తాతగారి కాలం నాటి బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్ 12 బోరు తుపాకీ లైసెన్సుతో సహా మీ పేరుకు మారింది, దుకాణంలో ఇచ్చిన 70 మి.మీ. తూటాలు రెండు బ్యారెళ్ళలోనూ సాఫీగా దిగాయి కాబట్టి కాల్చొచ్చా అన్నది ఒకటి. నాన్నగారి పాయింట్ 32 రివాల్వరుకు, అదే పేరుతో దుకాణంలో చూపించిన రెండు రకాల్లో ఏది కొనాలన్నది రెండోది. టెక్సాస్‌లో ఉన్న మీ తమ్ముడు కొన్న ఏఆర్-15 రైఫిల్‌లో 223, 5.56 అనే తూటాలు రెండూ వాడొచ్చా అన్నది మూడోది.

ముందు జవాబులు చెప్పేస్తాను. ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కొలిపించేదాకా ఆ 70 మి.మీ. తూటా ఒక్కటి కూడా కాల్చకండి. రివాల్వరు కాన్పూర్ తయారీ అయితే దానికి పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ మాత్రమే కొనండి. రెండోది, పాయింట్ 32 ఏసీపీ, పిస్టల్ తూటా. మీ తమ్ముడి బ్యారెల్ మీద 5.56 నాటో అని చెక్కి ఉంటే రెండూ పనికొస్తాయి, 223 రెమింగ్టన్ అని ఉంటే 223 మాత్రమే. కారణాలు కూడా తెలుసుకోండి, ఎందుకంటే రేపు ఇంకో తుపాకీ, ఇంకో పెట్టె చేతికొచ్చినప్పుడు ఈ మూడు జవాబులు సరిపోవు.

"సాఫీగా దిగింది కదా" అనే మాట దగ్గరే అసలు ప్రమాదం ఉంది. ఛాంబర్‌లోకి పోని తూటా వల్ల ఎవరికీ ఏమీ కాదు, తప్పు తూటా అని అక్కడే తెలిసిపోతుంది. బ్యారెళ్ళు పగిలేది, వేళ్ళు పోయేది దిగిన తప్పు తూటాలతోనే. ఛాంబర్‌కు తెలిసేది తూటా అడుగు లావు, కొంతవరకు పొడవు, అంతే. లోపల మందు ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో, గుండు వ్యాసం గొట్టానికి తగినదో కాదో, పేలాక కేస్ (తూటా బయటి తొడుగు) ఎంత పొడవు సాగుతుందో దానికి తెలియదు. అవి తెలియాల్సింది మనకు. చదివి తెలుసుకోవాలి తప్ప దూర్చి చూసి కాదు.

12 బోరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర ఇళ్ళలో ఉన్న లైసెన్స్ తుపాకుల్లో ఎక్కువ అవే, అందులోనూ పాతవే. లైసెన్స్ పుస్తకంలో "12 బోర్ డీబీబీఎల్" (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్) అని ఒక్క ముక్క రాస్తారు. ఛాంబర్ పొడవు అందులో ఉండదు. కానీ 12 బోరు తుపాకుల్లో రెండున్నర అంగుళాల ఛాంబర్లున్నాయి (మనవాళ్ళు 65 మి.మీ. అనేవి), రెండుముప్పావు అంగుళాలవి ఉన్నాయి (70 మి.మీ.), మూడు అంగుళాలవి ఉన్నాయి (76 మి.మీ.). అమెరికాలో మూడున్నర అంగుళాలవి కూడా దొరుకుతాయి. పాత ఇంగ్లీషు గేమ్ గన్నుల్లో (వేటకు చేసినవి) ఎక్కువభాగం రెండున్నర అంగుళాలవే.

తూటా మీద రాసే పొడవు కాల్చకముందు ఉన్న పొడవు కాదు. కాల్చాక మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. మూతిని నక్షత్రంలా మడిచిన 70 మి.మీ. తూటాను కాల్చకముందు స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు 58 నుంచి 60 మి.మీ. ఉంటుంది. అది 65 మి.మీ. ఛాంబర్‌లో సాఫీగా దిగకుండా ఎలా ఉంటుంది? ట్రిగ్గర్ లాగాక మాత్రం మడత విచ్చుకుని, కేస్ అంచు ఛాంబర్ దాటి ముందుకు పోతుంది. ఛాంబర్ అయిపోయాక గొట్టం 20 మి.మీ. పైచిలుకు నుంచి 18.5 మి.మీ. దాకా సన్నబడే చోటు ఒకటుంది, దాన్ని ఫోర్సింగ్ కోన్ అంటారు. విచ్చుకున్న అంచు సరిగ్గా అక్కడ ఇరుకు చేస్తుంది. పెల్లెట్లు, వాడ్ (మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే అడ్డు) ఆ ఇరుకులోంచి దూసుకుపోవాలి. వెనక ఒత్తిడి పెరుగుతుంది.

ఒక్క దెబ్బకే పగిలిపోతుందా అంటే, చాలావరకు పగలదు. అందుకే "మేం ఏళ్ళ తరబడి ఇవే కాలుస్తున్నాం" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. జరిగే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. భుజం మీద తన్ను ఎక్కువవుతుంది. బ్యారెళ్ళు యాక్షన్‌ను (వాటి వెనక భాగాన్ని మూసి ఉంచే యంత్రభాగాన్ని) ఆనుకుని ఉండే చోట వెంట్రుకవాసి సందు మొదలవుతుంది. చెక్క పిడి (స్టాక్) మెడ దగ్గర, ఇనుము చెక్కను తాకే చోట, సన్నని చీలిక వస్తుంది. తుపాకీ మూసి, లైటుకు ఎదురుగా పెట్టి, బ్యారెల్ వెనక భాగానికీ యాక్షన్‌కూ మధ్య చూడండి. వెలుతురు గీత కనిపిస్తే ఆ తుపాకీ ఇప్పటికే వదులైంది, ఏ తూటాతోనూ కాల్చకుండా ముందు గన్‌స్మిత్‌కు చూపించాలి. పాత ఖాళీ కేసులు ఇంట్లో ఉంటే వాటి మూతి కూడా చూడండి. అంచు సమంగా విచ్చుకుని ఉండాలి. చింపిరిగా, నూలు పీకినట్టు, కొస కాలినట్టు ఉంటే అది చిన్న ఛాంబర్‌లో కాల్చిన పొడవు తూటా.

మీ బర్మింగ్‌హామ్ తుపాకీ ఏం చెబుతుందో చూద్దాం. ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక బ్యారెళ్ళు విప్పి తిరగేయండి. అడుగున, ఛాంబర్ల కింద ఉండే చదును మీద ప్రూఫ్ ముద్రలు (తుపాకీ ఒత్తిడికి ఆగుతుందని పరీక్షించి కొట్టినవి) ఉంటాయి. జిడ్డు, తుప్పు పట్టి ఉంటే మెత్తటి గుడ్డకు కాస్త నూనె రాసి తుడవండి, ఎమెరీ కాగితం వాడొద్దు. అక్షరాలు పోయాయంటే తుపాకీ జాతకం పోయినట్టే. 1925 తర్వాత ప్రూఫ్ చేసిన వాటి మీద ఛాంబర్ పొడవు అంగుళాల్లో కొట్టి ఉంటుంది. 1954 తర్వాతి వాటి మీద ఒత్తిడి టన్నుల్లో ఉంటుంది, 3 టన్నులు, మూడుంపావు టన్నులు అని. ఇంకా పాతవాటి మీద డైమండ్ గుర్తులో 12, కింద "సి" అనే అక్షరం కనిపిస్తుంది. ఆ "సి" ఛాంబర్‌కు గుర్తు, చోక్‌కు (బ్యారెల్ మూతి దగ్గరి ఇరుకుకు) కాదు. పొడవు రాయకుండా ఆ డైమండ్ మాత్రమే ఉంటే, కొలిచేదాకా దాన్ని రెండున్నర అంగుళాలుగానే లెక్కవేసుకోండి.

పొడవుతో పాటు మందు సంగతి. "నైట్రో ప్రూఫ్" అనే మాటో, కిరీటం కింద ఎన్‌పీ, బీఎన్‌పీ అనే అక్షరాలో ఉంటే పొగరాని మందుతో పరీక్షించినట్టు. నైట్రో ప్రూఫ్ పక్కన ఒకటీ, దాని మీద ఎనిమిదో వంతు ఔన్సు (1⅛) అని ఉంటే, పెల్లెట్ల బరువు 32 గ్రాములు దాటకూడదని అర్థం. ఆ ముద్రలేవీ లేకుండా ఉంటే అది నల్లమందు (పొగ వచ్చే పాత తుపాకీ మందు) కాలం నాటి ప్రూఫ్. బ్యారెల్ మీద పాముచర్మంలా, అలలు అలలుగా చారలు కనిపిస్తే డమాస్కస్ బ్యారెల్ కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలేసి కాచి అతికిన గొట్టం అది. లోపలి అతుకుల్లో ఏళ్ళ తరబడి తుప్పు చేరితే పైకి కనిపించదు. ఇప్పుడు దుకాణంలో దొరికే తూటాలన్నీ పొగరాని మందువే. అలాంటి తుపాకీని లైసెన్స్ మీద ఉంచుకోండి, గోడకు అందం, కాల్చడానికి కాదు.

ఇంట్లో కొలవబోయేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. ఆరంగుళాల స్టీలు స్కేలు ఛాంబర్‌లోకి తోసి, ఎక్కడ ఆగితే అక్కడ కొలత తీస్తారు. మామూలు స్కేలు వెడల్పు 19 మి.మీ. దగ్గర. ఛాంబర్ ముందు కొస వ్యాసం 20.2 నుంచి 20.3 మి.మీ. కాబట్టి స్కేలు ఛాంబర్ కొస దగ్గర ఆగదు, కోన్‌లోకి ఇంకొంత దూరం పోయి ఆగుతుంది. 65 మి.మీ. ఛాంబర్ 70 అన్నట్టు చూపిస్తుంది. తప్పు కొలత, అదీ ప్రమాదం వైపు. దీనికి ఛాంబర్ గేజ్ అని ప్రత్యేకంగా ఉంటుంది, గన్‌స్మిత్ దగ్గర అరనిమిషం పని. కొలిచాక అతను "ఛాంబర్ రీమ్ చేసి (లోపల తొలిచి పొడవు పెంచి) 70 చేసేస్తాను" అంటే ఒప్పుకోవద్దు. లోహం తీసేసిన చోటే ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ, పైగా పాత ప్రూఫ్ ఆ కొత్త ఛాంబర్‌కు వర్తించదు.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని ఇంగ్లీషు తూటాలు 67.5 మి.మీ. కేసుతో వస్తాయి, వాటిని రెండున్నర అంగుళాల ఛాంబర్లకు తగ్గ ఒత్తిడితోనే తయారుచేస్తారు. పెట్టె మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే. మన దగ్గర మామూలుగా దొరికేవి ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు (అడుగున కేఎఫ్ అని ఉంటుంది). దుకాణంలో అడిగేటప్పుడు "12 బోరు తూటాలు" అని ఆపేయకుండా పొడవు కూడా చెప్పి, పెట్టె మీద, కేస్ పక్కన రాసింది మీరే చదవండి. కొలిచాక మీది 65 అని తేలితే ఆ 70 పెట్టెను కొన్న చోటే మార్పించుకోవడానికి మాట్లాడండి. కొన్న సంఖ్య లైసెన్స్ మీదా దుకాణం రిజిస్టర్లోనూ ఎక్కుతుంది కాబట్టి, పక్కింటి లైసెన్స్‌దారుకు చేబదులు ఇచ్చే వ్యవహారం పెట్టుకోవద్దు.

తిరగేసి చూస్తే ఇబ్బంది లేదు. 70 ఛాంబర్‌లో 65 కాల్చొచ్చు. 76 మి.మీ. ఛాంబర్ ఉన్న కొత్త పంప్ యాక్షన్లలో 70 కాల్చొచ్చు. 70లో 76 మాత్రం కుదరదు.

పెల్లెట్ సైజు వల్ల తుపాకీ పగలదు కానీ, చోక్‌తో కలిసి చూడాలి. మన పెట్టెల మీద పాత బ్రిటిష్ లెక్కే నడుస్తుంది: ఎల్‌జీ ఔన్సుకు 6, ఎస్‌జీ 8, ఏఏఏ 35, బీబీ 70, 4వ నంబరు 170, 6వ నంబరు 270. మీ తమ్ముడు అమెరికాలో అడిగే "నంబర్ 4" రెండు రకాలు: నంబర్ 4 బక్ ఒక్కోటి 6.1 మి.మీ., నంబర్ 4 బర్డ్‌షాట్ 3.3 మి.మీ. ఒకటి అడిగి ఇంకోటి తెచ్చుకుంటే తుపాకీకి ఏమీ కాదు, అవతలి గోడకు అవుతుంది. ఒంటి గుండు సంగతి వేరు. కొన్ని పాత బ్యారెళ్ళ మీద "నాట్ ఫర్ బాల్" అని కొట్టి ఉంటుంది. మూతి దగ్గర చోక్ ఉంది, గొట్టం నిండుగా పట్టే గుండు వేస్తే ఆ ఇరుకులో ఉబ్బుతుందని హెచ్చరిక. చోక్‌లోంచి పోయేలా తయారైన స్లగ్‌లు వేరు, నాటుగా పోసిన సీసపు గుండు వేరు. రెండోది వేయొద్దు. స్టీలు పెల్లెట్లు కూడా పాత ఫుల్ చోక్ బ్యారెళ్ళకు పడవు. అవి సీసంలా నలగవు.

12తో పాటు 20 బోరు కూడా ఉన్న ఇళ్ళలో ఇది గోడమీద రాసి పెట్టుకోవాలి. 20 బోరు తూటా 12 బోరు ఛాంబర్‌లో వేస్తే అంచుతో సహా లోపలికి జారిపోయి, కోన్ దగ్గర ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. "పెట్టడం మరిచిపోయానేమో" అనుకుని 12 తూటా పెట్టి కాలుస్తారు. ముందున్న 20ని వెనకది కొట్టగానే, బ్యారెల్ సరిగ్గా ఎడమచెయ్యి పట్టుకునే చోట విచ్చుకుంటుంది. అమెరికాలో 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేసేది ఇందుకే. అయితే పసుపు రంగు 12 తూటాలు ఎక్కడా ఉండవని మాత్రం అనుకోవద్దు. రంగు గుర్తు, రుజువు కాదు. జేబులో, సంచిలో రెండూ కలిపి ఉంచొద్దు. తూటా పెట్టే ముందు గొట్టంలోంచి అవతలి వెలుతురు చూడడం అలవాటు చేసుకోండి.

వెలుతురు చూడడానికి ఇంకో కారణం ఉంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకీ స్టేషన్‌లోనో దుకాణంలోనో డిపాజిట్ చేసి, నెలల తర్వాత తెచ్చుకుంటాం. ఆ వ్యవధిలో కందిరీగ గొట్టంలో మట్టిగూడు పెట్టడం అరుదేమీ కాదు. సరైన తూటా, సరైన తుపాకీ, గొట్టంలో చిటికెడు గట్టిపడ్డ మట్టి ఉంటే చాలు, బ్యారెల్ ఉబ్బుతుంది. తెచ్చుకున్న రోజునే విప్పి, రాడ్‌కు గుడ్డ చుట్టి ఒకసారి తోసి తీయండి.

ఇక పాయింట్ 32. ఇక్కడ గందరగోళానికి కారణం, అంగుళంలో సుమారు 32 శాతం వ్యాసం ఉన్న తూటాలన్నిటికీ ఒకటే పేరు పెట్టడం. మీ రివాల్వర్ కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారీ అయితే దానికి కావలసింది పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. కేస్ పొడవు 23 మి.మీ. పైచిలుకు, అడుగున చుట్టూ అంచు స్పష్టంగా బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ అంచే సిలిండర్ మీద ఆనుకుని తూటాను నిలబెడుతుంది. అశని లాంటి పిస్టళ్ళకు కావలసింది పాయింట్ 32 ఏసీపీ, దానికే 7.65 బ్రౌనింగ్ అని ఇంకో పేరు. కేస్ 17 మి.మీ., పొట్టిగా ఉంటుంది. అంచు ఉంటుంది కానీ గోరుతో తడిమితే తప్ప తెలియనంత తక్కువ, దాని పైన గాడి ఉంటుంది. రెండూ పక్కపక్కన నిలబెడితే పొడవులో తేడా చూడగానే తెలుస్తుంది. విడివిడిగా చూసినప్పుడే మోసపోతాం.

పొరపాటు ఒక్క దిక్కునే జరుగుతుంది. లాంగ్ తూటా ఏసీపీ పిస్టల్ మ్యాగజైన్‌లో పట్టదు. ఏసీపీ మాత్రం కొన్ని రివాల్వర్ల సిలిండర్లో దిగి, ఆ కొద్దిపాటి అంచు మీదే నిలబడుతుంది. పొట్టిగా ఉంది కదా, బలం తక్కువ అనుకుంటారు. తలకిందులు. అమెరికన్ ప్రమాణాల సంస్థ సామీ లెక్కలో ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌కు గరిష్ఠ ఒత్తిడి 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఏసీపీకి 20,500. లాంగ్ కోసం చేసిన సిలిండర్లో, అందులోనూ పాతబడిన రివాల్వర్లో, మూడోవంతుకు మించి అదనపు భారం వేస్తున్నట్టు. అదృష్టం బాగుంటే అంచు సరిగా ఆనక పేలదు. పేలితే, పేలిన ప్రతిసారీ సిలిండర్ గోడకు దెబ్బే.

ఇంగ్లీషు, బెల్జియం తయారీ పాత జేబు రివాల్వర్లు ఉన్నవాళ్ళకు ఒక మాట. వాటిలో చాలావాటికి లాంగ్ కన్నా పొట్టి, మెత్తటి తూటాలు కావాలి. లాంగ్ 1896లో వచ్చింది, దాని పొట్టి అన్న పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ 1878 నాటిది, నల్లమందు కాలానిది. సిలిండర్ రంధ్రాలు తిన్నగా తొలిచి ఉన్న పాత రివాల్వర్లలో లాంగ్ దిగిపోవచ్చు. దిగినంతమాత్రాన పెట్టొద్దు. లాంగ్ ఛాంబర్‌లో పొట్టిది కాల్చడంలో మాత్రం ప్రమాదం లేదు, మసి చేరుతుందంతే.

గచ్చిబౌలి రేంజ్‌లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ ఆడేవాళ్ళ టార్గెట్ పిస్టళ్ళు కూడా పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌వే, కానీ వాడ్‌కట్టర్ తూటాలతో. గుండు కేస్ అంచుకు సమంగా, బల్లపరుపుగా ఉంటుంది. ఆ పిస్టల్ మ్యాగజైన్ ఆ పొడవుకే చేసి ఉంటుంది కాబట్టి గుండ్రటి ముక్కు ఉన్న తూటా అందులో పట్టదు. వాడ్‌కట్టర్ రివాల్వర్లో కాల్చొచ్చు. పేరు ఒకటే అయినా గుండు ఆకారం బట్టి కూడా జత మారుతుందని చెప్పడానికి ఇది.

పాయింట్ 315 రైఫిళ్ళకు ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఇషాపూర్ రైఫిల్ చూడడానికి సైన్యం వాడిన 303 రైఫిల్‌కు తమ్ముడిలా ఉంటుంది, యాక్షన్ ఆ వంశానిదే. తూటా మాత్రం ఆస్ట్రియా 8×50 మాన్‌లికర్ కేసు నుంచి వచ్చింది. సైన్యం వాడే కాలిబర్లు పౌరుల చేతిలో ఉండకూడదని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టడంతో పుట్టిన జత ఇది. 315 కేస్ 50 మి.మీ., 303 కేస్ 56 మి.మీ. 315ను 8 మి.మీ. అని కూడా అంటారు. అలాగని జర్మన్ 8×57 మౌజర్‌తో కలపొద్దు, అది అంచు లేని, ఇంకా బలమైన తూటా.

పాయింట్ 22లో చూసుకోవాల్సింది ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్), మాగ్నమ్ తేడా. మాగ్నమ్ కేస్ లావు ఎక్కువ, అందుకని ఎల్‌ఆర్ మాగ్నమ్ ఛాంబర్‌లో వదులుగా దిగి, పేలితే కేస్ నిలువునా చీలి వేడి గ్యాసు వెనక్కి, ముఖం వైపు వస్తుంది. కళ్ళద్దాలు లేకుండా ఏ తుపాకీ కాల్చకూడదనడానికి ఇదొక్కటి చాలు.

మూతి వైపు నుంచి మందు దట్టించే నాటు మజిల్ లోడర్లు, కొన్నిచోట్ల బర్మార్ అనేవి, పంట కాపలాకు ఇచ్చే లైసెన్స్ మీద ఇంకా ఉన్నాయి. 12 బోరు తూటా విప్పి అందులోని మందు వీటిలో పోయడం అన్నది ఎవరు చెప్పినా వినొద్దు. నల్లమందుకు చేసిన గొట్టం పొగరాని మందుకు ఆగదు. కొలత తగ్గించి పోస్తే సరిపోతుందనేది కూడా తప్పే.

మీ తమ్ముడి ఏఆర్ దగ్గరికి వద్దాం. 223, 5.56 కేసులు బయటి కొలతల్లో ఒకటే. తేడా ఛాంబర్‌లో ఉంది. 5.56 ఛాంబర్‌లో గుండు రైఫ్లింగ్‌ను (గొట్టం లోపలి మెలి గాళ్ళను) తాకేముందు ఉండే ఖాళీ ఎక్కువ. 223 ఛాంబర్‌లో తక్కువ. 5.56 తూటాను 223 ఛాంబర్‌లో కాలిస్తే గుండు వెంటనే రైఫ్లింగ్‌ను తాకి, ఒత్తిడి హద్దు దాటుతుంది. ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న మూత) చదునైపోవడం, ఊడి యాక్షన్‌లో పడడం మొదటి లక్షణాలు. "223 వైల్డ్" అని ఉన్న బ్యారెల్ రెండింటికీ చేసింది. చూడాల్సింది బ్యారెల్ మీద చెక్కిన మాట, లోయర్ (రైఫిల్ కింది భాగం) మీద రాసిన "మల్టీ" అనే మాట కాదు. ఏఆర్‌లో బ్యారెల్ మార్చేసినా లోయర్ అదే ఉంటుంది.

కానీ అతను భయపడాల్సింది 5.56 గురించి కాదు, 300 బ్లాకౌట్ గురించి. ఇంట్లో దానికి చేసిన రెండో అప్పర్ (బ్యారెల్ ఉండే పై భాగం) కూడా ఉందా అని అడగండి. 300 బ్లాకౌట్ తూటా అదే మ్యాగజైన్‌లో పడుతుంది, అదే బోల్ట్‌తో (తూటాను ఛాంబర్‌లోకి తోసి మూసే భాగం) లోపలికి పోతుంది, దాని కేస్ 223 నుంచి పుట్టిందే. గుండు వ్యాసం మాత్రం 0.308 అంగుళాలు, గొట్టం 0.224. సాధారణంగా బోల్ట్ పూర్తిగా మూసుకోదు. కానీ కొన్ని గుండ్లతో, బోల్ట్ బలంగా కొట్టినప్పుడు, గుండు కేసులోకి వెనక్కి కుదించుకుపోయి బోల్ట్ మూసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ లాగితే గుండుకు పోయే దారి లేదు. అప్పర్ చీలిపోతుంది, మ్యాగజైన్ అడుగు నుంచి పేలి బయటికొస్తుంది. బోల్ట్ మూసుకోవట్లేదని ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్ట్‌ను ముందుకు నెట్టే మీట) మీద అరచేత్తో కొట్టడం ఇక్కడ అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మూసుకోకపోతే మ్యాగజైన్ తీసి, తూటా బయటికి తీసి చూడాలి.

అడుగున ముద్ర చదివితే సరిపోతుందా అంటే, ఫ్యాక్టరీ తూటాలకు చాలావరకు సరిపోతుంది. ఇంట్లో రీలోడ్ చేసినవాటికి (ఖాళీ కేసుల్లో మళ్ళీ మందు, గుండు నింపినవాటికి) సరిపోదు. 223 ఖాళీ కేసుల్ని కోసి 300 బ్లాకౌట్ చేసుకునేవాళ్ళు చాలామంది. అడుగున 223 అనే ఉంటుంది, మూతిలో 308 గుండు ఉంటుంది. కాబట్టి ఇంకొకరు రీలోడ్ చేసిన తూటాలు వాడొద్దు, రేంజ్‌లో దొరికినవి జేబులో వేసుకోవద్దు. రెండు కాలిబర్లు ఉంటే మ్యాగజైన్లకు రంగు పట్టీలు వేయడం మంచిదే, కానీ అసలైన జాగ్రత్త బల్ల మీద ఒకేసారి ఒక్క కాలిబరే ఉండడం.

అమెరికాలో ఉన్నవాళ్ళకు పిస్టళ్ళ గురించి క్లుప్తంగా. "9 ఎంఎం" అనే పేరుతో 9×19 లూగర్, 9×18 మకరోవ్, 9×17 (దీన్నే 380, 9 కుర్జ్, 9 షార్ట్ అంటారు) మూడు ఉన్నాయి, ఒకదానికొకటి సరిపోవు. 357 మాగ్నమ్ రివాల్వర్లో 38 స్పెషల్ కాల్చొచ్చు. తిరగేస్తే కూడదు: 38 స్పెషల్‌కు హద్దు 17,000 పీఎస్ఐ, 357కు 35,000. అలాంటి తప్పు జరక్కుండానే 357 కేసును కాస్త పొడవు చేశారు. అయినా సిలిండర్లు తొలిపించిన పాత తుపాకులుంటాయి. 40 పిస్టల్‌లో 9 దిగి, ఒక్కోసారి పేలుతుంది కూడా. కేస్ ఉబ్బి చీలిపోతుంది. రెండు పిస్టళ్ళూ ఒకే సంచిలో రేంజ్‌కు తీసుకెళ్ళేవాళ్ళకు జరిగేది ఇదే.

కొత్త పిస్టల్‌కు తూటా సరిగా కూర్చుంటుందో లేదో చూడాలంటే, బ్యారెల్ విప్పి బయటికి తీసి, మూతి కిందికి పెట్టి, తూటా వదలండి. ఠక్కున పడి, తిరగేస్తే దానంతటదే జారి రావాలి. బ్యారెల్ తుపాకీలో ఉండగా ఈ పరీక్ష చేయకూడదు. ఇది కూడా పెట్టె మీద, బ్యారెల్ మీద రాసినవి కలిశాకే చేసే పరీక్ష. రాసినవి కలవనప్పుడు కూర్చున్నా పనికిరాదు.

సరైన తూటా అయినా పాడైపోయి ఉండొచ్చు. మన అటకల మీద వేసవిలో వేడి, కోస్తాలో తేమ, రెండూ తూటాలకు శత్రువులే. ఇత్తడి అడుగున పచ్చటి చిలుము, ప్రైమర్ చుట్టూ మరక, కాగితపు కేస్ ఉబ్బి ఛాంబర్‌లో బిగుతుగా కూర్చోవడం, మూతి అట్ట వదులై పెల్లెట్లు రాలడం: ఇందులో ఏది కనిపించినా ఆ తూటా పక్కన పెట్టండి. బిగుతుగా ఉంటే బొటనవేలితో గట్టిగా తోసి మూయడం చేయొద్దు.

ట్రిగ్గర్ లాగినా పేలకపోతే, తుపాకీ అలాగే మూసి, మూతి లక్ష్యం వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు కదలకుండా ఉండండి. తేమ తగిలిన మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తెరిచి, ప్రైమర్ మీద దెబ్బ లోతుగా పడిందో లేదో చూడండి. దెబ్బ లోతుగా ఉంటే తూటా పాడు. దెబ్బ తేలిగ్గా ఉంటే స్ప్రింగో పిన్నో బలహీనం, లేదా తూటా సరిగా ఆనలేదు. అంటే మళ్ళీ జత సరైనదా అన్న ప్రశ్నకే వస్తాం.

దీనికన్నా ప్రమాదకరమైనది మామూలు చప్పుడు రాకుండా "టుప్పు" మనడం. భుజానికి తన్ను తగలదు, పొగ కొద్దిగా వస్తుంది. వాడ్ గానీ గుండు గానీ గొట్టం మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. అక్కడితో కాల్చడం ఆపి, ఖాళీ చేసి, వెనక నుంచి గొట్టంలోకి చూడండి. సెమీ ఆటోమేటిక్ అయితే బ్యారెల్ విప్పి చూడండి. పక్కనున్నవాళ్ళు "పర్లేదు, ఇంకోటి కొట్టు" అంటారు. ఆ ఇంకోటే గొట్టాన్ని పగలగొడుతుంది. గుండు ఇరుక్కుని ఉంటే మూతి వైపు నుంచి సుత్తితో కొట్టే పని ఇంట్లో చేయకండి, గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

పక్కన పెట్టిన పాడు తూటాల్ని చెరువులో విసరడం, పొయ్యిలో వేయడం, పాతిపెట్టడం చేయకూడదు. లైసెన్స్ మీద ఉన్న లెక్క అది, సంఖ్య తగ్గితే జవాబు చెప్పాల్సింది మీరే. కొన్న దుకాణానికో స్టేషన్‌కో అప్పగించి, అప్పగించినట్టు రాయించుకోండి. తాతగారి పెట్టెలో లైసెన్స్‌లో లేని బోరు తూటాలు కనిపిస్తే వాటినీ అలాగే, ఇంకా తొందరగా, ఎందుకంటే ఆయుధ చట్టం కింద అవి మీ దగ్గర ఉండడమే నేరం.